బిట్‌లో ఉన్న ఆ జెర్డాన్ ఎవరు?

గ్రూప్స్‌కి ప్రిపేర్ అవుతున్నారా? అయితే ఈ బిట్ మీకు కంఠతా వచ్చే ఉంటుంది. జెర్డాన్ కోర్సర్ ఏ అభయారణ్యంలో ఉంది? శ్రీలంకమల్లేశ్వర, కడప జిల్లా. టిక్ పెట్టేసి తర్వాతి ప్రశ్నకి వెళ్లిపోతాం. ఆ పేరు వెనకున్న మనిషి ఎవరో ఏ గైడూ చెప్పదు.

ఈ మధ్య మౌలాలి గుట్ట మెట్ల దగ్గర ఒక డిగ్రీ కుర్రాడు ఫోన్లో తీసిన ఫొటో చూపించాడు. మందారం మీద తళతళలాడుతున్న చిన్న పిట్ట. కింద 'మౌలాలి హమ్మింగ్‌బర్డ్' అని పేరు. ఫొటో చాలా బాగుంది, పేరే తప్పు. అది మన తేనెపిట్ట. హమ్మింగ్‌బర్డ్‌లు అమెరికా ఖండాల్లోనే ఉంటాయి. ఈ రెండిటికీ చుట్టరికం లేదు. ఇద్దరూ పూల తేనె తాగుతారు, ఇద్దరి ఒంటి మీదా మెరుపు ఉంటుంది, అంతే. ఆ కుర్రాడిని తప్పుపట్టలేం. మనం నెట్‌లో చూసే పచ్చల్లాంటి పిట్టల బొమ్మలన్నీ అక్కడివే మరి.

ఆ మెరుపుని కాగితం మీదకి తేవడానికి లండన్‌లో జాన్ గౌల్డ్ పెద్ద తంటాలే పడ్డాడు. 1849లో మొదలైన తన హమ్మింగ్‌బర్డ్‌ల పుస్తకంలో బంగారు రేకు అద్ది, దాని మీద పలచని రంగులు వేయించాడు. తమాషా ఏంటంటే, ప్రాణంతో ఉన్న హమ్మింగ్‌బర్డ్‌ని ఆయన మొదటిసారి చూసింది 1857లో! అప్పటిదాకా అన్నీ ఎండబెట్టిన చర్మాలు చూసి వేయించిన బొమ్మలే.

ఇంచుమించు ఆ రోజుల్లోనే మన నెల్లూరులో ఒక డాక్టరు, ఎదురుగా ఎగిరే పిట్టల్ని చూస్తూ రాసుకుంటున్నాడు. ఆయనే థామస్ కావర్‌హిల్ జెర్డాన్. 1811లో ఇంగ్లండ్‌లో పుట్టాడు. ఎడిన్‌బరోలో వైద్యం చదివాడు. ఈస్టిండియా కంపెనీలో అసిస్టెంట్ సర్జన్ ఉద్యోగం సంపాదించి 1836 ఫిబ్రవరిలో మద్రాసులో దిగాడు. అప్పుడాయన వయసు 24, అంటే మీ వయసే. మొదటి పోస్టింగ్ గంజాం. జ్వరాలతో, విరేచనాలతో మంచం పట్టిన సైనికులకి వైద్యం చేయాలి. ఉద్యోగం అది. పిట్టలు ఆయన సొంత పిచ్చి. తూర్పు కనుమల్లో తిరుగుతూ సేకరణ మొదలుపెట్టాడు. తర్వాత తిరుచిరాపల్లి, అప్పటి నిజాం రాజ్యంలోని జాల్నా. ఎక్కడికి బదిలీ అయితే అక్కడి పిట్టలే.

ఇక్కడే పెద్ద దెబ్బ తగిలింది. సేకరించిన పిట్టల్ని గుర్తించి పేర్లు చెప్పమని స్కాట్లండ్‌లో ఉన్న పేరున్న పండితుడు విలియం జార్డిన్‌కి పంపాడు. నెలల తరబడి సముద్ర ప్రయాణం. పెట్టె చేరేసరికి లోపల పురుగు పట్టింది. అంత శ్రమా వృథా. మనలో ఎవరమైనా అక్కడితో వదిలేసేవాళ్లమే అనుకుంటా. జెర్డాన్ మాత్రం ఇక పెద్దాయన సర్టిఫికెట్ కోసం ఎదురుచూడలేదు. తన కళ్లనే నమ్ముకుని 1839లో దక్షిణ భారత పక్షుల జాబితా అచ్చువేయడం మొదలుపెట్టాడు. 420 జాతులు. అంతకుముందు కర్నల్ సైక్స్ ఇచ్చిన జాబితాకి దాదాపు రెట్టింపు!

తర్వాత నెల్లూరులో సివిల్ సర్జన్. అక్కడి యానాదుల దగ్గర అడవి సంగతులు అడిగి తెలుసుకున్నాడు. జంతువుల గురించి వాళ్లకి తెలిసినంత ఏ పుస్తకంలోనూ లేదు మరి. పిట్టల తెలుగు పేర్లు కూడా రాసుకున్నాడు. 1862-64లో వచ్చిన ఆయన పెద్ద పుస్తకం 'బర్డ్స్ ఆఫ్ ఇండియా'లో వెయ్యికి పైగా జాతులున్నాయి. వాటిలో చాలావాటికి హిందీ, తమిళం పేర్ల పక్కన తెలుగు పేరు కూడా కనిపిస్తుంది. నన్నడిగితే ఆయన చేసిన పనుల్లో మనకి అన్నిటికన్నా విలువైనది ఇదే.

1843 నుంచి 1847 దాకా మద్రాసులో 50 రంగుల బొమ్మలతో ఇంకో పుస్తకం తెచ్చాడు. ఆ బొమ్మల కోసం ఇక్కడి చిత్రకారుల్ని పెట్టుకున్నాడు. బంగారు రేకులు లేవు, కానీ ఈకల వరస, ముక్కు వంపు చూస్తే గుర్తుపట్టేయొచ్చు. జెర్డాన్ పేరు మీద ఒక పచ్చటి పిట్ట ఉంది. జెర్డాన్ లీఫ్‌బర్డ్. ఆకుల్లో కలిసిపోయే రంగు. మన అడవుల్లోనూ, తోటల్లోనూ కనిపిస్తుంది, తేనె కూడా తాగుతుంది. ఆయన పేరు మీద ఒక చీమ కూడా ఉంది. ఆ చిత్రకారుల పేరు మీద మాత్రం ఒక్క పిట్టా లేదు.

ఇక మన బిట్ సంగతి. కలివి పొదల్లో తిరిగే కలివికోడిని జెర్డాన్ సేకరించి పంపితే, 1848లో కలకత్తాలో ఎడ్వర్డ్ బ్లైత్ దానికి శాస్త్రీయ నామం పెట్టాడు. జెర్డాన్ 1872లో లండన్ దగ్గర చనిపోయాడు. 1900 తర్వాత ఆ పిట్ట ఎవరికీ కనబడలేదు. అంతరించిపోయిందనే అనుకున్నారు.

1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లె దగ్గర అది మళ్లీ దొరికింది. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్లు ఊరూరా బొమ్మ చూపించి అడుగుతుంటే, రాత్రిపూట లైటుతో పిట్టలు పట్టే స్థానికుడొకరు పట్టుకొచ్చాడు. పగలంతా పొదల్లో దాక్కుని రాత్రి తిరిగే పిట్ట. ఎనభై ఏళ్లకు పైగా పండితుల కంటపడకపోవడానికి అదొక కారణం. తర్వాత వచ్చిన పరిశోధకులు నేల మీద మెత్తటి మన్ను పరిచి కాలి ముద్రలు చూశారు. దారిలో తమంతట తామే క్లిక్కుమనే కెమెరాలు పెట్టారు. 2005లో తెలుగుగంగ కాలువ పనులు దాని పొదల మీదకి వస్తే, ఈ ముద్రలూ ఫొటోలే సాక్ష్యంగా నిలిచి కాలువ దారి మార్పించాయి.

మౌలాలి కుర్రాడు ఫొటో కింద పేరు మార్చాడు. ఇప్పుడక్కడ 'తేనెపిట్ట, మౌలాలి గుట్ట' అని ఉంది. తేదీ, టైము కూడా వేశాడు.