గౌతమీపుత్ర శాతకర్ణి

శాతవాహన ప్రభువులలో గౌతమీపుత్ర శాతకర్ణి పేరు వినని యాంధ్రుడు లేడు. సుమారు 1,900 ఏండ్ల క్రిందటి యీ మహారాజు యుద్ధవిజయములను పలువురు కొనియాడియున్నారు. ఆయన వర్తకులకును, వృత్తులవారికిని చేసిన మేలును సంగ్రహముగా విన్నవింప మేమిచట పూనుకొంటిమి.

శాతవాహనుల యైశ్వర్యమునకు పడమటి కనుమల దారులే మూలము. ప్రతిష్ఠానమునుండి మణిశిలలును, తగరమునుండి నూలుబట్టలును బండ్లమీద పడమటి రేవులకు చేరి, రోము సామ్రాజ్యమునకు పోవుచుండెడివి. క్షహరాతుడగు నహపానుడు భరుకచ్ఛమును, నాసికను ఆక్రమింపగా ఆ లాభము శకుల పాలయ్యెను. కల్యాణపు రేవునకు వచ్చిన యవననౌకలను సైతము కావలివారు భరుకచ్ఛమునకు మరలించుచుండిరి.

ఆ కాలమున నాసికలో నేతవారి శ్రేణులు ధనమును నిలువయుంచుకొని వడ్డీ యిచ్చునంతటి నమ్మకమును గడించియుండెను. నహపానుని యల్లుడు ఉషవదాతుడు వారియొద్ద 3,000 కార్షాపణములుంచి, ఆ వడ్డీని భిక్షువుల కేర్పఱచెను. అందు 2,000లకు నెలకు నూటికొకటియు, 1,000కి ముప్పాతికయు వడ్డీ.

శాతకర్ణి క్షహరాతులను నిర్మూలించి, తన 18వ రాజ్యసంవత్సరమున నాసిక భిక్షువులకు భూమి నొసగెను. ఆ గ్రామము పాడువడి పొలము సాగుకాకుండుట తెలిసి, 24వ యేట తల్లితో గూడి 100 నివర్తనముల వేఱు భూమి నిప్పించెను. తన దానమునందలి లోపమును తానే దిద్దుకొన్న ప్రభువు లరుదు.

1906లో జోగల్‌తెంబియొద్ద 13,000లకు పైగా నహపానుని వెండి నాణెములు దొరకెను. వానిలో మూడింట రెండు వంతులకు పైగా శాతకర్ణి ముద్ర పడియున్నది. శత్రువు నాణెమును చెల్లనీయక పోయినచో నష్టపడువారు ప్రజలే. కావుననే తన ముద్ర వేయించి చెలామణి చేసెనని మేము తలంచుచున్నాము.

పులమావి 19వ రాజ్యవత్సరమున, శాతకర్ణి తల్లి గౌతమీ బాలశ్రీ, నాసిక గుహలో శాసనము వ్రాయించెను. కుమారుడు ధర్మము తప్పక పన్నులు గొనెననియు, పౌరుల సుఖదుఃఖములను తనవిగా నెంచెననియు ఆ వృద్ధమాత చెప్పుకొనెను.

పిదప శకరాజు రుద్రదాముడు శాతకర్ణి వంశజుని రెండు మారులు జయించెను. క్రీ.శ. 150 ప్రాంతమునాటికి అపరాంతపు తీర మాతని వశమయ్యెను. యజ్ఞశ్రీ కొంత మరల సాధించెను. ఓడ గుర్తుగల నాణెములు తూర్పుతీరపు నౌకావ్యాపారమునకు సాక్ష్యములు. 3వ శతాబ్దిలో రాజ్యము ముక్కలై, కృష్ణాతీరమున విజయపురి ఇక్ష్వాకుల దయ్యెను.

దారులు కాచినంతకాలము రాజ్యము నిలిచెను. అవి చేజాఱగా క్షీణించెను. శ్రేణుల నమ్మకమును, ప్రభువు న్యాయమును మాత్రము నాసిక శిలలు నేటికిని చాటుచున్నవి.