ప్రతి జిప్ ఫైల్‌లోనూ ఉండే ‘పీకే’ ఎవరు?

ఆధార్ ఆఫ్‌లైన్ ఈ-కేవైసీ డౌన్‌లోడ్ చేసుకుంటే చేతికి వచ్చేది ఒక జిప్ ఫైల్. వర్డ్ డాక్యుమెంట్, ఆండ్రాయిడ్ యాప్ ఏపీకే కూడా లోపల జిప్‌లే. ఇలాంటి ఫైల్‌ను విప్పి బైట్లు చూస్తే మొదట కనిపించేవి సాధారణంగా పీ, కే అనే రెండు అక్షరాలు. అవి ఫిలిప్ కాట్జ్ అనే అమెరికన్ ప్రోగ్రామర్ పొడి అక్షరాలు.

కాట్జ్ 1962లో మిల్వాకీలో పుట్టారు. అక్కడి విస్కాన్సిన్ యూనివర్సిటీలోనే కంప్యూటర్ సైన్స్ చదివి, 1986లో తల్లి ఇంటి నుంచి పీకేవేర్ కంపెనీ మొదలుపెట్టారు. అప్పట్లో ఫైళ్లు టెలిఫోన్ మోడెమ్ మీద నత్తనడకన వెళ్లేవి. ఫైల్ ఎంత చిన్నదైతే ఫోన్ బిల్లు అంత తక్కువ. కుదింపునకు అందరూ వాడేది ఎస్‌ఈఏ కంపెనీ ‘ఆర్క్’. దానికి పోటీగా కాట్జ్ తెచ్చిన పీకేఆర్క్ చాలా వేగంగా పనిచేసేది.

1988లో ఎస్‌ఈఏ కోర్టుకెక్కింది. పెద్ద కంపెనీ ఒంటరి కుర్రాడిని తొక్కేస్తోందని వాడకందార్లు మండిపడ్డారు. నిజానికి ఎస్‌ఈఏ కూడా చిన్న కుటుంబ సంస్థే. పైగా రెండు కోడ్‌లను పోల్చిన నిపుణుడికి వ్యాఖ్యల్లోని స్పెల్లింగ్ తప్పులు సైతం ఒకేలా కనిపించాయి. కాట్జ్ డబ్బు చెల్లించి రాజీపడ్డారు. పీకేఆర్క్ పంపిణీ ఆపేయడానికి ఒప్పుకున్నారు.

ఆ దెబ్బ నుంచే 1989లో జిప్ పుట్టింది. ఈసారి ఫార్మాట్ వివరాలన్నీ బయటపెట్టి, ఎవరైనా వాడుకోవచ్చన్నారు. ఆయన చేసిన పనుల్లో ఎక్కువ కాలం నిలిచింది ఈ నిర్ణయమే.

జిప్ చివర ఒక విషయసూచిక ఉంటుంది. ప్రతి ఫైల్ పేరు, అసలు సైజు, కుదించాక సైజు, తేదీ, అది ఎన్నో బైట్ దగ్గర మొదలవుతుందో అందులో రాసి ఉంటాయి. అందుకే పీహెచ్‌పీలో జిప్‌ఆర్కైవ్ క్లాస్‌తో ఫైల్ తెరిచి, నమ్‌ఫైల్స్ విలువ వరకు లూప్ తిప్పుతూ స్టాట్‌ఇండెక్స్ పిలిస్తే చాలు, ఒక్క ఫైల్ కూడా విప్పకుండా జాబితా మొత్తం వచ్చేస్తుంది. అదే టార్-జీజిప్ అయితే పేర్లు తెలియాలన్నా చివరిదాకా విప్పుకుంటూ పోవాల్సిందే.

ఎవరో అప్‌లోడ్ చేసిన జిప్‌ను సర్వర్ మీద విప్పే ముందు సైజులు చూసుకోవడానికి ఈ సూచిక ఉపయోగం. అయితే అందులోని అంకెలు అబద్ధం కావచ్చు. విప్పేటప్పుడూ ఒక పరిమితి పెట్టుకోవాలి. ఇంకో సంగతి చాలామందికి తెలియదు: పాస్‌వర్డ్ పెట్టిన మామూలు జిప్‌లోనూ ఫైళ్ల పేర్లు పాస్‌వర్డ్ లేకుండానే కనిపిస్తాయి. రోగి పేరునో ఖాతా నంబరునో ఫైల్‌కు పేరుగా పెట్టి తాళం వేశామనుకుంటే, ఆ రహస్యం అప్పటికే బయట ఉన్నట్టే.

1993లో వచ్చిన పీకేజిప్ రెండో వెర్షన్‌తో కాట్జ్ ‘డిఫ్లేట్’ పద్ధతిని తెచ్చారు. పీఎన్‌జీ బొమ్మలు, జీజిప్ ఇప్పటికీ దాని మీదే నడుస్తున్నాయి.

కంపెనీ బాగా సంపాదించింది. కాట్జ్ మాత్రం మద్యానికి బానిసయ్యారు. తాగి కారు నడిపిన కేసుల్లో పదేపదే అరెస్టయ్యారు. ఆఫీసుకు, అయినవాళ్లకు దూరమయ్యారు. 2000 ఏప్రిల్ 14న మిల్వాకీలోని ఒక మోటెల్ గదిలో శవమై కనిపించారు. ఏళ్ల తరబడి తాగుడు వల్ల క్లోమగ్రంథిలో రక్తస్రావమై చనిపోయారని తేలింది. అప్పటికి ఆయన వయసు 37.