కాన్‌స్టంటైను చక్రవర్తియు కంచు నాణెములును

రాజుల చరిత్రమును గ్రంథములే గాక నాణెములును దెలుపును. బంగారు నాణెములు ధనికుల పెట్టెలలో నుండును. కంచు నాణెములో రొట్టె కొనువాని చేతను, అమ్మువాని చేతను నిత్యము తిరుగుచుండును. చదువురాని పామరునకు సైతము చక్రవర్తి ముఖమును జూపినవి యవియే. రోము చక్రవర్తియగు కాన్‌స్టంటైను జీవితమును ఆ నాణెముల వెంట జూతము.

ఇతడు నేటి సెర్బియా దేశమందలి నైససు పట్టణమున జన్మించెను. తల్లి హెలీనా, తండ్రి కాన్‌స్టాంటియసు. తండ్రి బ్రిటనులో మరణింపగా, క్రీ.శ. 306 జూలై 25వ తేదీని, నేటి యార్కు నగరమున సైనికులు ఇతనిని చక్రవర్తిగా బ్రకటించిరి.

కొలది యేండ్లకు ఇతని కంచు నాణెములపై సూర్యదేవుని ప్రతిమ వెలసెను. కిరణకిరీటము దాల్చి, కుడిచేయి యెత్తి, ఎడమచేత భూగోళమును ధరించిన యా దేవుడు చక్రవర్తికి సహచరుడని దాని భావము. 312 అక్టోబరు 28వ తేదీని ఇతడు మిల్వియను వంతెనయొద్ద మాక్సెన్షియసును జయించెను. మఱుసటి యేట క్రైస్తవులకు ఆరాధనా స్వాతంత్ర్యము గలిగెను. అయినను సూర్యప్రతిమ ఇంచుమించు మఱి యైదేండ్లు నాణెములపై నిలిచియే యుండెను. రాజ్యపు టాచారము ఒక్కదినమున మాఱునది కాదు.

ఇతని జ్యేష్ఠపుత్రుడు క్రిస్పసు. 317లో సీజరు పదవి నొంది, తన ముఖముతో నాణెములు వెలువడు గౌరవమును బడసెను. 324లో నౌకాయుద్ధమున గెలిచి, తండ్రి సామ్రాజ్యమున కేకైక ప్రభువగుటకు తోడ్పడెను. కాని 326లో తండ్రియే యతనికి మరణశిక్ష విధించెను. శిలాశాసనములనుండి యతని పేరు చెక్కివేయబడెను.

327 ప్రాంతమున క్రీస్తు నామాక్షరములు గల ధ్వజము సర్పమును బొడుచుచున్నట్లు ఒక కంచు నాణెము వెలువడెను. 330లో కాన్‌స్టాంటినోపులు నూతన రాజధానిగా బ్రతిష్ఠింపబడగా, ఓడ మొనపై నిలిచిన విజయదేవత ప్రతిమ యా నగరపు నాణెముల నలంకరించెను.

అంత్యదినములలో బాప్తిస్మము పొంది, 337 మే 22వ తేదీని నికొమీడియా సమీపమున నితడు మృతినొందెను. పిమ్మట వెలువడిన చిన్న కంచు నాణెముపై ఇతడు నాలుగు గుఱ్ఱముల రథమెక్కి పైకేగుచుండగా, ఆకాశమునుండి యొక హస్తము చాపబడియున్నది. ప్రాచీన రథమును, నూతన విశ్వాసపు హస్తమును ఒక్క బిళ్లపై గలిసినవి.

బాలబాలికలారా! నాణెముపై రాజు తాను జూపగోరినదానినే ముద్రించును. అయినను ఱాతిమీద చెఱిపించిన కుమారుని ముఖము జనుల చేతులలోనికి బోయిన కంచుబిళ్లలపై మిగిలి, నేటికిని వస్తుప్రదర్శనశాలలలో గానవచ్చుచున్నది. చక్రవర్తి గొప్పతనమును జాటిన నాణెములే యతని దోషమునకును సాక్ష్యము పలుకుచున్నవి.