ఎర్నెస్ట్ స్టార్లింగ్

మానవ దేహంలో రక్తం నాళాలలోనే ప్రవహిస్తుంది. అయినప్పటికీ నాళాల వెలుపల ఉన్న కోటానుకోట్ల కణాలకు నీరు, పోషకాలు నిరంతరం అందుతూనే ఉంటాయి. అలా వెలుపలికి వచ్చిన ద్రవం కణజాలాలలో నిలిచిపోదు. ఈ రాకపోకల రహస్యాన్ని ఛేదించిన మహనీయుడు ఎర్నెస్ట్ హెన్రీ స్టార్లింగ్.

ఆయన 1866 ఏప్రిల్ 17న లండన్‌లో జన్మించాడు. తండ్రి న్యాయవాది. ఆయన ఉద్యోగరీత్యా బొంబాయిలో ఉండడంతో పిల్లల పెంపకం తల్లిపైనే పడింది. స్టార్లింగ్ 1882లో గైస్ ఆసుపత్రి వైద్య కళాశాలలో చేరాడు.

రక్తకేశనాళికల గోడలు ప్రత్యేక జీవశక్తితో శోషరసాన్ని స్రవిస్తాయని ఆనాటి సుప్రసిద్ధ శాస్త్రవేత్త హైడెన్‌హైన్ బోధించేవాడు. స్టార్లింగ్ 1892లో బ్రెస్లావ్ నగరానికి వెళ్లి ఆయన వద్దే పరిశోధన చేశాడు. అయితే గురువుపై గౌరవం సత్యాన్వేషణకు అడ్డు కాలేదు. రక్తపీడనమే ద్రవాన్ని వెలుపలికి నెడుతుందని స్టార్లింగ్ క్రమంగా నిర్ధారించాడు.

మరి ద్రవాన్ని తిరిగి లోనికి లాగే శక్తి ఏది? ఆయన కుక్క కాలి కణజాలంలోకి ఉప్పు ద్రావణాన్ని ఎక్కించి, ఆ కాలి నాళాల గుండా రక్తాన్ని ప్రవహింపజేశాడు. రక్తం పలుచబడింది. ఉప్పు ద్రావణానికి బదులు సీరమ్ ఎక్కించినపుడు అలా జరగలేదు. నాళాల గోడలను సులభంగా దాటలేని రక్తంలోని ప్రోటీన్లే ద్రవాభిసరణ పీడనంతో నీటిని ఆకర్షిస్తున్నాయని 1896లో ఆయన ప్రకటించాడు. ఈ ప్రోటీన్లు క్షీణించిన రోగికి కాళ్లు ఎందుకు వాస్తాయో దీనితో బోధపడింది.

1899లో ఆయన లండన్ యూనివర్సిటీ కళాశాలలో ఆచార్యుడయ్యాడు. 1902లో తన చెల్లెలి భర్త బేలిస్‌తో కలిసి సెక్రెటిన్‌ను కనుగొన్నాడు. హార్మోను అనే పదాన్ని 1905లో లోకానికి పరిచయం చేశాడు. హృదయ స్పందన నియమం కూడా ఆయన పేరుతోనే ప్రసిద్ధమైంది. మొదటి ప్రపంచ యుద్ధంలో విషవాయువుల నుండి సైనికులను కాపాడే మార్గాలను అన్వేషించాడు. ఇంతటి కృషీవలుడికి నోబెల్ బహుమతి మాత్రం దక్కలేదు. 1927 మే 2న జమైకా సమీపంలో, ఓడ ప్రయాణంలో ఉండగా ఆయన కన్నుమూశాడు.

వెలుపలికి వచ్చిన ద్రవంలో అధికభాగం కేశనాళికల గుండా కాక, శోషరస నాళాల ద్వారానే రక్తాన్ని చేరుతుందని తరువాతి పరిశోధనలు తేల్చాయి. స్టార్లింగ్ సిద్ధాంతం ఆ మేరకు సవరణ పొందింది. కానీ పీడనాల సమతౌల్యమనే ఆయన మూలసూత్రం నేటికీ చెక్కుచెదరలేదు. గురువు మాటనైనా ప్రయోగంతో పరీక్షించి చూడాలన్నదే ఆయన జీవితం విద్యార్థులకు అందించే సందేశం.