కీర్తిశేషులు వనారస గోవిందరావుగారు

మంజీరా తీరప్రాంతమునందలి ఈ బాన్సువాడలో మన వార్షిక మహాసభ సమావేశమగుచున్న శుభసమయమున, మన ఆరె మరాఠీ కులమున జనించి తెలుగుదేశమంతటికిని నాటకానందమును పంచియిచ్చిన కీర్తిశేషులు వనారస గోవిందరావుగారిని స్మరించుకొనుట మనకు విధి. ఇంట మరాఠీయు, అంగడిలో తెలుగును మాటలాడు మనకు వారి జీవితము పరాయిది కాదు. వారి మాతృభాష మరాఠీ. వారు వెలిగించినది తెలుగు రంగస్థలము. సురభి యనగా నొక నాటక కంపెనీ యని మాత్రమే మన పిల్లలలో పలువు రెరుగుదురు. ఆ పేరు వెనుకనున్న గృహస్థుని గూర్చి వారికి చెప్పువారు తక్కువ.

వనారసవారి పూర్వులు మహారాష్ట్రమునుండి దక్షిణమునకు వచ్చినవారు. ఛత్రపతి శివాజీ సేనలలో కొలువుచేసిన వంశమని వారి కులకథ. కత్తి పోయిన పిమ్మట వారి చేతికి వచ్చినది తోలుబొమ్మ. తెల్లని తెర, దాని వెనుక దీపము, రంగులద్దిన బొమ్మలు, మద్దెల, తాళములు: ఇంతే వారి ఆస్తి. ఊరూర దిరిగి రామాయణ భారత కథల నాడించి, రైతు లిచ్చు గింజలతో కాలక్షేపము చేసెడివారు. బొమ్మలాటలో సీతకును ద్రౌపదికిని గొంతు నిచ్చువారు ఆ యింటి స్త్రీలే. ఈ విషయమును పాఠకులు మనస్సున నుంచుకొనవలెను. గోవిందరావుగారు పిమ్మట చేసిన పెద్దపనికి బీజ మిక్కడనే యున్నది.

ఆ కాలమున దేశమున క్రొత్త గాలి వీచుచుండెను. 1880 ప్రాంతమున ధార్వాడ నాటక సమాజమువారు కోస్తా పట్టణములకు వచ్చి హిందీ నాటకముల నాడి జనులను మురిపించిరి. రాజమహేంద్రవరమున వారు విడిచిపోయిన పాకలోనే కందుకూరి వీరేశలింగము పంతులుగారు తెలుగు నాటకము నాడించిరి. బళ్ళారిలో ధర్మవరము రామకృష్ణమాచార్యులవారు నాటకమున పాటలు చొప్పించి దానికి క్రొత్త రూపు కల్పించిరి. చదువుకొన్నవారు నాటకమును చేపట్టగా, బొమ్మలవారి తెరయెదుట జనము పలుచబడుట సహజమే కదా!

1885వ సంవత్సరమున కడపజిల్లా సురభి గ్రామమున నొక వివాహము జరిగెను. ఆ సందర్భమున గోవిందరావుగారు తమవారితో గూడి, బొమ్మలను ప్రక్కనబెట్టి, తామే వేషములు ధరించి కీచకవధ నాటకము నాడిరి. ఆ యూరి పేరే సమాజమునకు శాశ్వతనామ మయ్యెను. శ్రీ సురభి శారదా మనోవినోదినీ సంగీత నాటకసభ యనునది దాని పూర్తి పేరు.

బొమ్మనుండి మనిషికి మారుట యొక యెత్తు. స్త్రీని రంగస్థలముపై నిలుపుట మరియొక యెత్తు. నాటి నాటకములలో స్త్రీపాత్రలను పురుషులే ధరించెడివారు. వేదికయెక్కిన స్త్రీని లోకము చిన్నచూపు చూచెడిది. కులపెద్దల మాటకు వెరచు సామాన్యుడు తన యింటి ఆడపడుచును దీపములయెదుట నిలుపుటకు సాహసింపడు. సురభివారు సాహసించిరి. కుమార్తెలును కోడండ్రును నాయికలైరి. తండ్రి హార్మోనియము వాయింపగా కూతురు పాడుట, భర్త అర్జునుడుగా భార్య సుభద్రయగుట అచట నిత్యకృత్యము. ఇంతవరకు తెరవెనుక వినబడిన గొంతు తెరముందునకు వచ్చినది.

దీని ఫలము ప్రేక్షకులయందు కానవచ్చెను. నాటకశాలకు భార్యను తోడ్కొనిపోవుటకు జంకిన గృహస్థులు సురభి నాటకమునకు బండ్లు కట్టుకొని సకుటుంబముగా పోసాగిరి. వేదికమీద నున్నది సంసారులు గనుక ఎదుట సంసారులు కూర్చుండిరి. వారి ఘనత యంతయు నిందే యున్నదని నా అభిప్రాయము.

టాకీలు రాకపూర్వము పట్టణమున నాటకము చూచుట యెట్టిదో నేటివారికి చెప్పవలసియున్నది. కంపెనీ దిగిన నాటినుండి ఊరిలో సందడియే. రేకులతోను వెదుళ్లతోను తాత్కాలికశాల లేచును. పగలు వాద్యములతో కరపత్రములు పంచుదురు. ప్రొద్దుగ్రుంకగనే జనము గుమిగూడును. నేలటిక్కెట్టువారికి చాపయో, వట్టి నేలయో, ఆపై బెంచీ, ముందు పెద్దమనుష్యులకు కుర్చీలు, స్త్రీలకు వేరుగ నొక భాగము. పెట్రోమాక్సు దీపముల బుసబుస, ప్రక్కన వేరుసెనగకాయల బుట్టలు, ఒడిలో నిదురపోవు పసిపిల్లలు. గంట మ్రోగును. హార్మోనియము శ్రుతి నందుకొనును. ప్రార్థన కాగానే తెర యెత్తుదురు. అంతవరకు కోలాహలముగా నున్న శాల ఒక్కసారి నిశ్శబ్దమగును.

పద్యము వచ్చినచో సభ స్వరూపమే మారును. నటుడు రాగము నెత్తి, సాగదీసి, ముగింపునకు వచ్చులోపలనే వెనుకనుండి వన్సుమోరు కేకలు లేచును. చచ్చిపడిన పాత్రధారి సైతము లేచి మరల పాడి మరల చచ్చిన వింతలు నాటి రంగస్థలముపై కలవు. రసభంగమని పండితులు కోపించిరి. బళ్ళారి రాఘవగారు ఈ రాగాలాపనపై యుద్ధమే ప్రకటించిరి. వారి వాదము న్యాయమైనదే. కాని అణాలు కూడబెట్టి వచ్చినవాడు తనకిష్టమైన పద్యమును రెండవమారు వినగోరుట మహాపరాధ మని నేననజాలను.

సురభివారి ప్రత్యేకత తంత్రవిద్య. మేఘములనుండి నారదుడు దిగివచ్చును. ఘటోత్కచుని నోటిలోనికి లడ్డూలు తమంత తాముగా నెగిరిపోవును. కుశలవుల బాణములు శత్రుబాణములను గాలిలో తాకి నిప్పులు చిమ్మును. స్తంభము పగిలి నరసింహుడు వెలువడును. సన్నని తీగెలు, కప్పీలు, పైన చీకటిలో దాగి త్రాళ్లు లాగు కుర్రవాండ్రు: రహస్య మింతియే. తీగె కనబడినను చూపరులు కన్నార్పకుండిరి. ఇది బాలురను మురిపించుటయే గాని నటనము కాదని యొక విమర్శ కలదు. అందు కొంత నిజము లేకపోలేదు. అయినను దీర్ఘసమాసముల పద్యము లర్థముగాని ముదుసలికిని, పసివానికిని నాటకశాల తలుపు తెరచినది ఆ తీగెలే.

గోవిందరావుగారికి మువ్వురు కుమారులు, పదుగురు కుమార్తెలు. సంతానము పెరిగి, వియ్యములు కలిసి, కుటుంబము చీలినప్పుడెల్ల నొక క్రొత్త సమాజ మేర్పడెను. ఉచ్ఛదశయందు సురభి సమాజములు 36 వరకు నుండెను. పొయ్యి ఒకటి, వేదిక ఒకటి. నడక నేర్చిన బిడ్డకు బాలకృష్ణుని వేషము సిద్ధము. సురభి కమలాబాయి తల్లి దమయంతి వేషముతో నాటకమాడుచు రంగస్థలముననే ఆమెను ప్రసవించెనని చెప్పుకొందురు.

తమ యింటి వృద్ధితో వారు తృప్తిపడలేదు. నటులందరి కష్టసుఖములు చర్చించుటకు 1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళాపరిషత్తు వెలసినప్పుడు గోవిందరావుగారు దానికి పూనికవహించిన ముఖ్యులు. స్త్రీపాత్రధారణమున స్థానము నరసింహారావుగారు సాటిలేని కీర్తి గాంచిన ఊరది. స్త్రీపాత్రను స్త్రీయే ధరింపవలెనా యను వాదమునకు తెనాలి యొక వంక, సురభి యొక వంక సాక్ష్యము చెప్పుచుండెను. ఎవరి సాక్ష్యమును త్రోసిపుచ్చదగినది కాదు.

అంతలో టాకీ వచ్చెను. మన నిజాంసాగరు ఆనకట్ట పూర్తియైన 1931లోనే భారతదేశమున తొలి టాకీ వెలువడినది. మరుసటి యేడు విడుదలయైన మొదటి తెలుగు టాకీ భక్తప్రహ్లాదకు మూలము ధర్మవరమువారి నాటకము. అందు లీలావతి సురభి కమలాబాయి. సురభి బిడ్డయే వెండితెరకు తొలి నాయికయయ్యెను, ఆ వెండితెరయే సురభి శాలలను ఖాళీచేసెను. ముప్పదియారు సమాజములు క్రమముగా తరిగి నేటికి కొలదిమాత్రమే మిగిలినవి.

మిగిలినవారిలో పెక్కు కుటుంబములు హైదరాబాదు శేరిలింగంపల్లియందలి సురభి కాలనీలో నివసించుచున్నవి. పబ్లిక్ గార్డెన్సులోని లలితకళాతోరణమున వారు మాయాబజారు, పాతాళభైరవి నాడి నగరవాసులను రప్పించిరి. ఆ వంశీయులగు ఆర్. నాగేశ్వరరావుగారికి, అనగా బాబ్జీగారికి, 2013లో పద్మశ్రీ లభించెను. వారు 2022లో దివంగతులైరి. అచట సినిమాల కలవాటుపడిన పట్టణపు పిల్లలు సైతము ఘటోత్కచుని నోటిలోనికి లడ్డూ ఎగిరిపోవునప్పుడు కుర్చీలనుండి లేచి నిలుచుందురు.