సర్ ఆర్థర్ కాటన్ దొర — మొదలిడిన పనిని ముగించిన మహనీయుడు

చేతిపనుల తరగతిలో మనము తరచుగా చూచు దృశ్యమొకటి కలదు. ఒక బాలుడు తాటియాకు బుట్ట యల్లుట కారంభించును. బుట్ట యడుగు కుదురుకొనునంతలో ప్రక్కవాడు చేయుచున్న కొయ్యపెట్టెపై వాని మనసు పోవును. నాలుగు పలకలు కోసి, రెండింటిని చేర్చి, మేకులు చాలలేదని పెట్టె నచ్చటనే విడిచి, నూలు వడకుటకు కూర్చుండును. సంవత్సరాంతమున ప్రదర్శనమునకు వస్తువులు తెమ్మని ఉపాధ్యాయు లడిగినపుడు వాని బల్లక్రింద సగము బుట్టయు, మూతలేని పెట్టెయు, చిక్కుపడిన నూలును తప్ప మరేమియు కానరాదు. వాడు సోమరి కాడు. తక్కినవారికంటె నెక్కువగనే చెమటోడ్చి యుండును. అయినను చూపుటకు వాని చేత వస్తువొక్కటియు లేదు.

ఆంధ్రులు ఆరంభశూరులను నింద చిరకాలముగా వినవచ్చుచున్నది. ఆ నింద నిజమో కాదో యెట్లున్నను, పెక్కు పనులు ఒక్కమారే పట్టుట మేలా, ఒకటి ముగించి మరియొకటి పట్టుట మేలా యను ప్రశ్న ప్రతి విద్యార్థికిని ఎదురగునదే. దీనికి ప్రత్యుత్తరము వెదకుటకు మనము దూరదేశములకు పోనక్కరలేదు. రాజమహేంద్రవరమునకు దిగువనున్న ధవళేశ్వరమున గోదావరికి అడ్డముగా ఆనకట్ట కట్టించిన కాటన్ దొర జీవితమును పరికించిన చాలును.

ఆర్థర్ కాటన్ 1803వ సంవత్సరము మే నెల 15వ తేదీన ఇంగ్లండులో జనించెను. అన్నదమ్ములు పెక్కుమంది గల కుటుంబమతనిది. పదునైదేండ్ల ప్రాయముననే అడిస్కోంబు సైనిక విద్యాలయమున చేరి, 1819లో చెన్నపురి ఇంజనీర్ల దళమునకు ఎన్నికై, 1821లో ఈ దేశమునకు వచ్చెను. మొదట పాంబను జలసంధిని పరిశీలించు పనిలో నుండెను. పిదప బర్మాయుద్ధమున పాల్గొనెను. కాని యతని నిజమైన పాఠశాల కావేరీ తీరము. 1828లో ఆ నదిక్రింది నీటిపారుదలను పరిశీలించు పని యతనికి అప్పగింపబడెను.

అచ్చట చోళరాజుల కాలమునాటి కల్లణయను ప్రాచీనమైన కట్ట యొకటి కలదు. గట్టినేల యెక్కడను తగులని ఇసుకలో, పూర్వులు పెద్ద బండలను నదిలో పడవేయుచు, అవి తమంత తాము దిగబడి కుదురుకొన్న తరువాత వానిపై కట్టడమును లేపిరి. ఈ యుపాయమును కాటన్ దొర శ్రద్ధతో గ్రహించెను. ఈ దేశపు అనామకులైన పనివారు తనకు గురువులని యొప్పుకొనుటకు అతడు సిగ్గుపడలేదు. వారివద్ద నేర్చిన విద్యతో కొల్లడము నదిపై ఎగువను దిగువను రెండు ఆనకట్టలను కట్టించి 1836లో పూర్తిచేసెను. తంజావూరు పొలములకు తిరిగి నీరు వచ్చెను.

ఆ కాలమున మన గోదావరి మండలము పడుచుండిన దుఃఖమును నేటి బాలబాలికలు ఊహింపజాలరు. వర్షాకాలమున నది పొంగి ఊళ్ళను ముంచును. వేసవిలో ఆ నదియొడ్డుననే పైరులు ఎండిపోవును. నందన నామ సంవత్సరపు కరువు 1832–33లో వచ్చెను. 1839లో సముద్రపు టుప్పెన కోరంగి ప్రాంతమును కబళించెను. కూడు లేక కొందరు మరణించిరి. కొందరు ఇల్లు వాకిలి విడిచి పరదేశములకు పోయిరి. 1821లో 7 లక్షల 38 వేలకు మించియుండిన రాజమండ్రి జిల్లా జనసంఖ్య 1841 నాటికి 5 లక్షల 61 వేలకు దిగెను. ఇరువది యేండ్లలో ప్రతి నలుగురిలో నొకరు మాయమైరన్నమాట. ఎదుట నిండుగా నీరు పారుచుండగా ప్రజలు కరువుచే నశించుట కాటన్ దొర మనస్సును కలచివేసెను. 1844లోను, 1845లోను అతడు ప్రభుత్వమునకు నివేదికలు వ్రాసి, ధవళేశ్వరముకడ ఆనకట్ట కట్టినచో ఈ మండలమంతయు సస్యశ్యామల మగునని వాదించెను. ప్రభుత్వము చాల యాలోచించి సమ్మతించెను. 1847లో పని యారంభమయ్యెను.

ఇక మన ప్రశ్న మొదలగుచున్నది. ఈ మండలమునకు కావలసిన పనులు ఒకటి కాదు, పది. కాలువలు త్రవ్వవలెను, వరదకట్టలు వేయవలెను, త్రోవలు నిర్మింపవలెను, లంకలకు నీటిని చేర్పవలెను, పడవలు సముద్రమువరకు పోవునట్లు లాకులు కట్టవలెను. ప్రతి గ్రామమువారికిని తమ యవసరమే మొదటిది. అందరిని సంతోషపెట్టుటకై పదిచోట్ల పది పనులు మొదలిడినచో, ఆ సంవత్సరమున పొగడ్తలకు కొదువయుండదు. కాని నదిమట్టము పెరుగనిదే కాలువలోనికి నీరు రాదు. నీరు రాని కాలువ గోతితో సమానము. కావున తక్కిన పనులన్నియు దేనిపై నాధారపడియున్నవో ఆ పనియే, అనగా ఆనకట్టయే, కాటన్ దొర దృష్టికి ప్రధానమయ్యెను.

ఆ యొక్క పనియు సామాన్యమైనది కాదు. ధవళేశ్వరముకడ నది లంకలతో కూడి దాదాపు నాలుగు మైళ్ళ వెడల్పు కలది. ఆ లంకలనే ఆసరాగా గొని అతడు ఆనకట్టను ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు భాగములుగా ఏర్పరచెను. రాతికట్టడపు పొడవే రెండు మైళ్ళకు మించెను. ధవళేశ్వరపు కొండనుండి రాతిని పగులగొట్టువారు కొందరు, ఆ రాతిని బండ్లపైనను పడవలపైనను చేర్చువారు కొందరు, సున్నము కాల్చువారు కొందరు, ఇటుకలు చేయువారు కొందరు, కర్మాగారమున తలుపులను పడవలను చేయు వడ్రంగులును కమ్మరులును కొందరు — ఇట్లు వేలకొలది జనులు ఏకకాలమున పాటుపడిరి. ఇంతమందిని సమకూర్చి నడిపించుటలో వీణెం వీరన్నగారు కాటన్ దొరకు కుడిభుజమై నిలిచిరి.

ఇది చూచి, కాటన్ దొరయు ఒక్కమారే పెక్కు పనులు చేసెను గదాయని మీరడుగవచ్చును. ఇచ్చటనే గ్రహింపవలసిన భేదము కలదు. రాయి కొట్టుట, సున్నము కాల్చుట, తలుపు చేయుట అనునవి వేరువేరు పనులు కావు. అవి యొక్క పనికి అంగములు. సున్నము లేనిదే రాయి నిలువదు. రాయి లేనిదే తలుపునకు చోటు లేదు. అన్నియు ఒక్కచోటికే చేరును. బుట్ట యల్లుచున్నవాడు ఒకవంక ఆకు నానవేసి మరొకవంక ఈనెలు చీల్చుకొనుట తప్పు కాదు, నేర్పు. బుట్ట విడిచి పెట్టె పట్టుటయే తప్పు.

నదికూడ ఈ పాఠమునే కఠినముగా బోధించుచుండెను. నదీగర్భమున పని చేయుటకు వీలగునది వరద తీసినది మొదలు వేసవి చివర వరకే. మరల వర్షములు వచ్చునప్పటికి, ఆ యేడు మొదలిడిన భాగము వరదకు తాళునంతవరకు లేవవలెను. సగము లేచిన గోడను గోదావరి క్షమింపదు. ఒక్క రాత్రిలో ఒక యేటి శ్రమను సముద్రముపాలు చేయగలదు. కాబట్టి చేతనున్న భాగమును భద్రమైన మట్టమునకు తేకుండ మరొకచోట చేయి పెట్టుట ఎంతటి సాహసమో అచ్చటి పనివారందరికిని తెలిసియుండెను. వరదలచే పని నిలిచిన నెలలలోను వారు చేతులు ముడుచుకొని కూర్చుండరాదు. రాతిని ప్రోగుచేయుట, పనిముట్లు బాగుచేసికొనుట, కాలువల కొలతలు వేయుట మున్నగునవి చేసికొనవలెను. విరామకాలముకూడ ఆ పనికే ఉపయోగపడవలెను.

1848లో గొప్ప విఘ్నము సంభవించెను. ఎండకును శ్రమకును ఓర్చి ఓర్చి కాటన్ దొర ఆరోగ్యము చెడెను. అతడు సెలవు గైకొని వెడలవలసివచ్చెను. పని భారము కెప్టెన్ ఓర్ అను నతనిపై పడెను. పది పనులు పదిచోట్ల సగము సగముగా నుండినచో క్రొత్తగా వచ్చినవాడు ఏది ముందో ఏది వెనుకయో తెలియక తడబడియుండును. ఇచ్చట ఉద్దేశమొక్కటి, త్రోవ యొక్కటి. కావున నాయకుడు లేకున్నను పని నిలువలేదు. కొంతకాలమునకు కాటన్ దొర కోలుకొని తిరిగివచ్చి, 1852లో ఆనకట్ట సంపూర్తియగుట కన్నులార చూచెను.

తల కుదిరిన పిదప అవయవములు పెరుగుటకు ఆలస్యము కాలేదు. తూర్పు, మధ్య, పడమటి డెల్టాలకు కాలువలు సాగినవి. హేగ్ అను యువ ఇంజనీరు గన్నవరముకడ 40 అడుగుల వెడల్పుగల 49 కమానులను లేపి, వైనతేయ నదిమీదుగా కాలువనే దాటించి, నగరపులంకకు నీరు చేర్చెను. గోదావరి పని ముగింపునకు వచ్చిన తరువాతనే బెజవాడకడ కృష్ణానది ఆనకట్ట పని బలముగా సాగి, ఓర్ దొర పర్యవేక్షణమున 1855లో పూర్తియయ్యెను. మొదటి పని ముగియుటచేతనే రెండవ పనికి అనుభవము గల చేతులు దొరకినవి. ప్రభుత్వమునకు నమ్మకమును కుదిరెను. ముగిసిన పని తన తరువాతి పనికి తానే త్రోవ తీయును.

అయితే మహనీయుల చరిత్రమున జయమును మాత్రమే చెప్పి ఊరకుండుట న్యాయము కాదు. కాటన్ దొర యాశలు ఆనకట్టతో తీరలేదు. గోదావరిపై బహుదూరము ఎగువకు పడవలు నడపి, మధ్యపరగణాల ప్రత్తిని సముద్రతీరమునకు దింపవలెనని యతడు తలచెను. కాని ఆ త్రోవలో దుమ్ముగూడెము, ఇంచంపల్లి, దేవలమర్రి అను మూడు తావులయందు బండలును ఉరవడులును పడవల నడ్డగించుచుండెను. కాటన్ దొర 1860 ప్రాంతమున ఉద్యోగము విరమించినను ఈ పనిని గట్టిగా సమర్థించుచుండెను. గన్నవరమున కీర్తిగాంచిన హేగ్ దొరయే దీనికిని పూనుకొనెను. సామర్థ్యమునకు లోపము లేదు. కాని అడవిలో జ్వరములు ప్రబలెను, కూలివారు నిలువలేదు, వ్యయము పెరిగెను, ఇంతలో ఇనుపదారులు దేశమంతట వ్యాపించెను. 1871లో ప్రభుత్వము పనిని నిలిపివేసెను. ఒకదానివెనుక నొకటిగా మూడు తలుపులున్న యింట ఒక తలుపు తెరచినంతమాత్రమున లోనికి పోజాలము గదా! మూడడ్డంకులును తొలగినగాని ఆ జలమార్గమున ఫలము లేదు. దుమ్ముగూడెముకడ లేచిన ఆనకట్ట మాత్రము నిలిచియున్నది. ముగిసినంత భాగమే లోకమునకు మిగిలినది.

1861లో కాటన్ దొరకు సర్ బిరుదము లభించెను. భారతదేశపు నదులనన్నింటిని కాలువలతో కలుపవలెనని అతడు వార్ధక్యమునను వాదించుచునే యుండెను. ఇనుపదారులకంటె నీటిదారులే పేదలకు మేలని చెప్పి పెక్కుమందికి విరోధియునయ్యెను. 1899 జూలైలో, తొంబదియారవ యేట, ఇంగ్లండులోని డోర్కింగు పట్టణమున స్వర్గస్థుడయ్యెను. అతని తలపోతలలో కాగితముపై నిలిచిపోయినవి యనేకములు. మనవారు వానిని తలచికొనరు. రైతులు తలచికొనునది ముగిసిన ఆనకట్టను. ఆ పాత కట్టడమునకు బదులుగా 1982 నాటికి క్రొత్త బ్యారేజి వెలసినను దానికిని అతని పేరే నిలిచినది. దాదాపు పదిలక్షల యెకరముల పొలము ఆ నీటితో పండుచున్నది. కోనసీమలో పెక్కు గ్రామములయందు అతని విగ్రహములు కలవు.

బాలబాలికలారా! మనస్సున పది యాలోచనలుండుట దోషము కాదు. కాటన్ దొర మనస్సున నూరు నదులు పారుచుండెను. అతడు ఆనకట్టను గెలిచినది మాత్రము తక్కిన వానికి మూలమైన దానిని మొదట ఎన్నుకొని, దాని యంగములన్నింటిని ఏకముఖముగా నడిపి, వరద రాకముందే భద్రమైన మట్టమునకు చేర్చుటవలన. మీరును క్రొత్త పనికి చేయి చాచుటకు ముందు మీ బల్లక్రింద నొకసారి చూచుకొనుడు. అచ్చట సగము బుట్ట యున్నచో దానిని బయటికి తీసి అంచు కట్టుడు. బుట్ట చిన్నదే కావచ్చును. అయినను ఇంటికి కొనిపోయి తల్లిచేతికి ఇచ్చిన నాడు అందులో గింజలు నిలుచును.