డిస్క్ బ్రేకు వెనకాల మనిషి

మా కొత్తవాడలో పొద్దున లేవగానే వినపడేది మగ్గం చప్పుడు. జంపఖానాలు నేసే వాడ మాది. మా ఇంట్లో మగ్గంతో పాటు ఒక అంబాసిడర్ కూడా ఉంది. పెద్దనాయిన చాన్నాళ్లు టాక్సీగా నడిపిన బండి అది. నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులే. వానాకాలం నీళ్లలోంచి వస్తే కాసేపటి దాకా బ్రేకు సరిగ్గా పట్టదు. మెకానికల్ మూడో సంవత్సరం చదువుతున్నా కదా అనే ధీమాతో, మొన్న సెలవుల్లో ముందు చక్రాలకు డిస్కులు వేస్తానని బయల్దేరాను.

వేరే కారువి పాత స్టబ్ యాక్సిల్, డిస్కు, క్యాలిపర్ కలిపి ఒక సెట్టు కొన్నాను. బోల్టు రంధ్రాలు ఎలాగోలా కలిపాను. స్టబ్ యాక్సిల్ మారితే దానితో పాటు స్టీరింగ్ ఆర్మ్ కూడా మారిపోతుందన్న సంగతి అప్పటికి నా బుర్రకెక్కలేదు. టై రాడ్ చివర ఉండే పిన్ను కింద లావుగా, పైకి సన్నగా ఉంటుంది. ఆర్మ్ రంధ్రం కూడా సరిగ్గా అదే వాలుతో ఉండాలి. నా దాంట్లో వాలు కలవలేదు. నట్టు గట్టిగా బిగిస్తే చాల్లే అనుకున్నా. పెద్దనాయిన వచ్చి చక్రాన్ని రెండు పక్కలా పట్టుకుని ఊపాడు. పిన్ను కదిలింది. ఆయన తిట్టలేదు. ఈ బండిలో ముందుగా ఎవరిని కూర్చోబెడదామనుకుంటున్నావురా అని మాత్రం అడిగి లోపలికి పోయాడు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అసలు ఈ డిస్క్ బ్రేకు ఎవరి పుణ్యమో చూద్దామని మొదలుపెట్టి, ఫ్రెడరిక్ లాంచెస్టర్ దగ్గర ఆగిపోయాను.

ఆయన 1868 అక్టోబర్ 23న లండన్ దగ్గరి లూయిషామ్‌లో పుట్టాడు. తండ్రి భవనాల ఆర్కిటెక్టు. కుర్రాడికి సైన్సు మీద మనసు. సౌతాంప్టన్‌లో కొంత, లండన్‌లో కొంత చదివాడు. సాయంత్రాలు వర్క్‌షాపు పని, మెషీన్ డ్రాయింగు విడిగా నేర్చుకున్నాడు. ఇంతా చేసి డిగ్రీ చేతికి రాకుండానే చదువు ముగించాడు. బ్యాక్‌లాగ్స్ ఉన్న మిత్రులారా, దీన్ని సాకుగా వాడుకోవద్దు!

కొన్నాళ్లు పేటెంట్ డ్రాయింగులు గీసి, తర్వాత బర్మింగ్‌హామ్‌లో గ్యాస్ ఇంజిన్లు తయారుచేసే కంపెనీలో చేరాడు. నువ్వు కనిపెట్టేదంతా కంపెనీదే అని ఒప్పందంలో ఒక షరతు ఉందట. సంతకం పెట్టేముందు ఆ షరతును కొట్టేశాడు. ఇరవై ఏళ్లు దాటీ దాటని వయసు! ప్లేస్‌మెంట్ ఆఫర్ లెటర్‌ను చదవకుండా సంతకం పెట్టే మనం దీన్ని గుర్తుపెట్టుకోవాలి.

1895లో మొదటి కారు కట్టాడు. మరుసటేడు అది రోడ్డెక్కింది. అప్పట్లో చాలామంది గుర్రబ్బండికి ఇంజిను తగిలించి కారు అనేవాళ్లు. లాంచెస్టర్ మాత్రం బండి మొత్తాన్ని కొత్తగా ఆలోచించాడు. మొదటి ఇంజిను బలం చాలలేదు. అందుకే రెండు సిలిండర్లు, ఒకదానికొకటి ఎదురు తిరిగే రెండు క్రాంక్‌షాఫ్టులు పెట్టి, వణుకు తగ్గించిన ఇంజిను చేశాడు.

1899లో తమ్ముళ్లు జార్జ్, ఫ్రాంక్‌ల తోడుతో సొంత కంపెనీ పెట్టాడు. నాకు అన్నిటికన్నా నచ్చింది ఇక్కడే. ఆ రోజుల్లో ఒక కారు భాగం, అదే రకం ఇంకో కారుకు పట్టాలంటే ఆకురాయి పట్టుకుని అరగదీయాల్సిందే. ఆయన ప్రతి భాగాన్నీ గేజీలతో కొలిచి, ఏ కారుదైనా ఏ కారుకైనా పట్టేలా చేయించాడు. స్టీరింగుకు మాత్రం గుండ్రటి చక్రం కాకుండా, పడవ చుక్కానిలా పక్కకు నెట్టే పిడి చాన్నాళ్లు ఉంచాడు.

1902లో డిస్క్ బ్రేకుకు పేటెంటు తీసుకున్నాడు. పల్చటి డిస్కు, దాన్ని రెండు వైపులా నొక్కే ప్యాడ్లు. ఈనాటి క్యాలిపర్‌కు మూలం అదే. కానీ అప్పటికి తగిన లోహం లేదు. రాగి వాడాల్సి వచ్చింది. రోడ్లేమో దుమ్ము. రాగి తొందరగా అరిగిపోయేది, కీచుమని గోల పెట్టేది. ఆలోచన సరైనదే, దాని పక్కన నిలవాల్సిన లోహమూ రోడ్డూ ఇంకా రాలేదన్నమాట. 1953లో జాగ్వార్ కారు డిస్క్ బ్రేకులతో లె మాన్ రేసు గెలిచి, లోకం వాటివైపు తిరిగేసరికి ఆయన పోయి ఏడేళ్లయింది.

వ్యాపారం ఆయనకు కలిసిరాలేదు. ఆర్డర్లున్నా పెట్టుబడి చాలక 1904లో కంపెనీ అప్పులవాళ్ల చేతికి వెళ్లింది. మళ్లీ నిలబడింది గానీ, క్రమంగా డిజైను పని తమ్ముడు జార్జ్ చేతికి వచ్చింది. ఈయన డైమ్లర్ కంపెనీకి సలహాదారుగా చేరాడు. క్రాంక్‌షాఫ్టు వణుకు తగ్గించే డ్యాంపరు ఆయన పేరుతోనే నిలిచింది. విమానం రెక్కను గాలి ఎలా ఎత్తుతుందో రైట్ సోదరులు ఎగరకముందే రాస్తే, పెద్దలు అచ్చు వేయడానికి ఒప్పుకోలేదు. 1907లో పుస్తకంగా తెచ్చాడు. యుద్ధంలో బలాబలాలకు ఆయన రాసిన సమీకరణాలు ఆపరేషన్స్ రీసెర్చ్‌లో ఇప్పటికీ చదువుతారు. 1922లో రాయల్ సొసైటీ ఫెలో అయ్యాడు. చివరి ఏళ్లు పార్కిన్‌సన్స్ జబ్బుతో, డబ్బు ఇబ్బందులతో గడిచాయి. 1946 మార్చి 8న బర్మింగ్‌హామ్‌లో కన్నుమూశాడు. కొవెంట్రీ యూనివర్సిటీ లైబ్రరీకి ఇప్పుడు ఆయన పేరే ఉంది.

తెల్లారి పెద్దనాయినతో కలిసి మళ్లీ బండి కిందికి దూరాను. పిన్నుకు నీలిరంగు పల్చగా పూసి, రంధ్రంలో పెట్టి తిప్పి తీశాం. వాలు కలిస్తే లోపల రంగు అంతటా సమానంగా అంటుకోవాలి. ఒక అంచున ఉంగరంలా మాత్రం అంటింది. అంటే బరువంతా ఆ సన్నటి గీత మీదే. పాత ఆర్మ్, కొత్త ఆర్మ్ పక్కపక్కన పెట్టి కొలిచాం. పొడవు తేడా, వంపు తేడా. మలుపులో లోపలి చక్రం బయటి చక్రం కన్నా ఎక్కువ తిరగాలి. ఆ లెక్క ఆర్మ్ వంపులోనే ఉంటుంది. టై రాడ్ ఎత్తు మారితే, గుంతలో పడ్డప్పుడల్లా చక్రం దానంతటదే పక్కకు తిరుగుతుంది. ఇవన్నీ పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవే. బండి కింద మాత్రం గుర్తు రాలేదు.

పెద్దనాయినకు ఈ లెక్కలు వివరిస్తే, నూలు మారితే పన్నె మార్చాలి కదా, ఇదీ అంతేనా అన్నాడు. అంతే.

ఇప్పుడు పద్ధతి మార్చాను. స్టబ్ యాక్సిల్, స్టీరింగ్ ఆర్మ్ బండివే ఉంచి, వాటి మీద క్యాలిపర్ నిలబడే బ్రాకెట్ గీస్తున్నా. డ్రాయింగు మా సార్‌కు చూపించాను. ఆయన పెట్టిన ఎర్ర గీతలు చాలానే ఉన్నాయి. మాస్టర్ సిలిండర్ సంగతీ తేల్చాలి. డ్రమ్ కోసం లోపల ప్రెషరు నిలిపి ఉంచే వాల్వు ఉంటే, డిస్కును ప్యాడ్లు వదలకుండా రాసుకుంటూనే ఉంటాయి.

అందాకా డ్రమ్ములే. కొన్న సెట్టు మగ్గం గదిలో మూలన ఉంది. లాంచెస్టర్ డిస్కు యాభై ఏళ్లు ఆగింది. మాది ఇంకో సెమిస్టర్ ఆగినా ఏం కాదు.